లెక్క సరిపోయింది, మరి సమీకరణం సరైనదేనా?

రాయగడలో మా ఇంటి వరండాలో సాయంత్రం ఆరు దాటాక నలుగురైదుగురు పదో తరగతి పిల్లలు చేరతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వాళ్లలో వాళ్లకు రెండూ కలిసిన మాట. మొన్న వాళ్లలో ఒకమ్మాయి నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణాన్ని తుల్యం చేసుకురమ్మని, అంటే ఒక్కో రకం పరమాణువులు రెండు పక్కలా సమానంగా ఉండేలా రాసుకురమ్మని బడిలో చెప్పారట. ఆమె రాసింది ఇది. పుస్తకంలో కనిపించే గుర్తులను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. హెచ్ అంటే హైడ్రోజన్, ఒడియాలో ఉదజాన్. ఓ అంటే ఆక్సిజన్, ఒడియాలో అమ్లజాన్.

హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ₂

"అటు రెండు ఉదజాన్, ఇటు రెండు. అటు రెండు అమ్లజాన్, ఇటు రెండు. లెక్క సరిపోయింది కదా మాస్టారూ, ఇంకేటి?" అంది.

లెక్క నిజంగానే సరిపోయింది. కానీ కుడిపక్కన నీరు లేదు. అక్కడున్నది హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో చిన్న సీసాలో అమ్ముతారే, పుండు మీద పోస్తే బుసబుసా నురగ వస్తుందే, అది. సమీకరణం తుల్యం అయ్యేసరికి నీళ్ల గ్లాసులోకి పుండు మందు వచ్చి చేరింది.

ఆ అమ్మాయికి లెక్క రాదనుకోకండి. నలుగురిలోనూ చురుకైన పిల్ల. రెండు పక్కలా అంకెలు సమానమైతే పని అయిపోయినట్టేనని ఆమెకు ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. సమీకరణాన్ని తుల్యం చేయడం ఒక పని. చేసినదాన్ని సరిచూడడం వేరే పని. మొదటిదాన్ని బడుల్లో గట్టిగానే నేర్పుతున్నాం. రెండోదాన్ని "ఒకసారి చెక్ చేసుకో" అనే మాటతో వదిలేస్తున్నాం. ఏం చూడాలో, ఎందుకు చూడాలో చెప్పడం లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ సాయంత్రం వంటింట్లోంచి గుప్పెడు కందులు, గుప్పెడు చింతపిక్కలు తెచ్చాను. కంది గింజ హైడ్రోజన్ పరమాణువు, చింతపిక్క ఆక్సిజన్ పరమాణువు అనుకోమన్నాను. ఒక చింతపిక్కకు రెండు కందులు అంటిస్తే ఒక నీటి అణువు. ఇప్పుడు రెండు కందులు, రెండు చింతపిక్కలు ఇచ్చి నీళ్లు చేయమన్నాను. ఒక అణువు చేసింది, చేతిలో ఒక చింతపిక్క మిగిలింది. దాన్ని పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది. నోటుపుస్తకంలో చేసింది ఆ మిగిలిన పిక్కను ఉన్న జట్టులోకి తోసేయడమే. తోయకుండా డబ్బాలోంచి ఇంకో రెండు కందులు అడిగి తీసుకుంది. రెండో నీటి అణువు తయారైంది.

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ

అక్షరం కింద రాసే చిన్న అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది. దాన్ని ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది. ముందు రాసే పెద్ద అంకెను గుణకం అంటాం. అది ఎన్ని అణువులో మాత్రమే చెబుతుంది. తుల్యం చేసేటప్పుడు మన చేతిలో ఉన్నవి గుణకాలు మాత్రమే. కాబట్టి సరిచూసేటప్పుడు మొదటి చూపు అంకెల మీదికి పోకూడదు. ప్రశ్నలో ఇచ్చిన పదార్థాలన్నీ జవాబులో అలాగే ఉన్నాయా, ఏదైనా మధ్యలో వేషం మార్చిందా అన్నది ముందు చూడాలి. ఈ చూపుకు పది సెకన్లు చాలు. నేను దిద్దిన పుస్తకాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొరికాయి.

అసలు రెండు పక్కలా ఎందుకు సమానంగా ఉండాలి? మా జిల్లా కొండ ఊళ్లలో జీలుగు చెట్టుకు కుండ కట్టి కల్లు దించుతారు. ఒడియాలో ఆ చెట్టును సలప అంటారు. పొద్దున్నే దించితే తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పొంగి, నురగ కట్టి, మత్తు పెంచుకుంటుంది. లోపలి చక్కెర ఆల్కహాలుగా మారడమే ఇదంతా. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంత్వాన్ లావోజియే చక్కెర నీళ్లు ఈస్ట్‌తో పులియడాన్ని తూకం వేసి పరిశీలించాడు. పులియబెట్టిన పదార్థాల బరువూ, పులిసాక వచ్చినవాటి బరువూ సమానం కావాలి కాబట్టి దీన్ని బీజగణిత సమీకరణంలా రాసుకోవచ్చని 1789లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. మనం ఇవాళ రాసే రసాయన సమీకరణానికి పునాది ఆ ఆలోచనే. చక్కెరను గ్లూకోజ్‌గా తీసుకుంటే ఇలా ఉంటుంది (సీ అంటే కార్బన్):

సీ₆హెచ్₁₂ఓ₆ → 2సీ₂హెచ్₅ఓహెచ్ + 2సీఓ₂

180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మూత లేని కుండను తూచితే చక్కెర బరువులో దాదాపు సగం మాయమైనట్టే కనిపిస్తుంది. అది గాలిలో కలిసింది. గాలిలోకి పోయినదాన్ని కూడా పద్దులో రాయాలని పట్టుబట్టడమే లావోజియే గొప్పతనం.

ఆయన పేరు మా పిల్లల నోట్లో రోజూ తెలియకుండా నలుగుతూనే ఉంది. ఆమ్లాలకు పుట్టుక ఈ వాయువేనని నమ్మి ఆయన దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, నీటిని పుట్టించేది కాబట్టి ఇంకోదానికి హైడ్రోజన్ అన్నాడు. ఒడియా పుస్తకాల్లోని అమ్లజాన్, ఉదజాన్, మన పాత తెలుగు పుస్తకాల్లోని ఆమ్లజని, ఉదజని ఆ అర్థాలనే మోసుకొచ్చాయి. ఆక్సిజన్ లేని ఆమ్లాలూ ఉన్నాయని తర్వాత తేలింది. పేరు మాత్రం ఉండిపోయింది.

ఇక లెక్కపెట్టడానికి వద్దాం. పైన కల్లు సమీకరణంలో ఆల్కహాలు చూడండి. అందులో హైడ్రోజన్ రెండు చోట్ల ఉంది, ఒకచోట ఐదు, చివర ఒకటి. తొందరలో ఐదే లెక్కపెట్టి, రెండుతో గుణించి పది అంటారు. ఎడమపక్క పన్నెండు ఉన్నాయి కాబట్టి లెక్క తప్పిందనుకుని, బాగున్న సమీకరణాన్ని చెడగొడతారు. సరిచూడడం రాకపోతే ఒప్పు కూడా తప్పవుతుంది.

బ్రాకెట్లు ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వానాకాలం నాగావళి నీళ్లు ఎర్రగా మట్టితో వస్తాయి. అలాంటి నీటిని తేర్చడానికి నీటి పథకాల్లో అల్యూమినియం సల్ఫేట్ వేస్తారు, అవసరమైతే తోడుగా సున్నమూ వేస్తారు. ఇంట్లో బిందెలో తిప్పే పటిక దీనికి దగ్గరి చుట్టమే, అందులో పొటాషియం కూడా ఉంటుంది. సున్నంతో కలిసినప్పుడు జరిగేది ఇది (ఏఎల్ అల్యూమినియం, ఎస్ గంధకం, సీఏ కాల్షియం):

ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + 3సీఏ(ఓహెచ్)₂ → 2ఏఎల్(ఓహెచ్)₃ + 3సీఏఎస్ఓ₄

దూదిపింజల్లా ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మట్టిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఇందులో ఆక్సిజన్ ఎన్ని అని అడిగితే పిల్లలు ఎడమపక్క మొదటి పదార్థంలోనే తడబడతారు. కొందరు నాలుగంటారు, కొందరు నాలుగూ మూడూ కూడి ఏడంటారు. బ్రాకెట్ బయటి మూడు లోపలున్న ప్రతిదాన్నీ గుణిస్తుంది, అంటే పన్నెండు. పక్కనున్న సున్నంలో ఒక్కోదానిలో రెండు చొప్పున మూడింటికి ఆరు. మొత్తం పద్దెనిమిది. కుడిపక్క ఆరూ పన్నెండూ, మళ్లీ పద్దెనిమిది.

దీనికి ఒక దగ్గరి దారి ఉంది. సల్ఫేట్ (ఎస్ఓ₄) గుంపు ఎడమపక్క ఎలా ఉందో కుడిపక్కా అలాగే విడిపోకుండా ఉంది. హైడ్రాక్సైడ్ (ఓహెచ్) గుంపూ అంతే. అలాంటప్పుడు గుంపును ఒక మనిషిగా లెక్కపెట్టొచ్చు. సల్ఫేట్లు మూడు, ఇటూ మూడు. హైడ్రాక్సైడ్లు ఆరు, ఇటూ ఆరు. అల్యూమినియం రెండు, కాల్షియం మూడు. అయిపోయింది. గుంపు మధ్యలో విచ్చిపోయే చర్యలో మాత్రం ఈ దారి పట్టకూడదు.

నేను పిల్లలకు పెట్టిన నియమం ఒకటి ఉంది. తుల్యం చేసిన పేజీ మీదే సరిచూడొద్దు. చివరి వరుసను కొత్త కాగితం మీద ఎక్కించి, పాతది మూసేసి, ఎవరో రాసిన సమీకరణంలా మొదటినుంచి లెక్కపెట్టాలి. పాత లెక్కను చూస్తూ సరిచూస్తే కన్ను పాత తప్పు మీదుగానే నడుస్తుంది. ఇంకా మంచిది, పక్కవాళ్ల పుస్తకాన్ని మార్చుకోవడం. మా వరండాలో ఇప్పుడు అదే చేస్తున్నాం.

గ్యాస్ పొయ్యి దగ్గర ఒక సులువు ఉంది. సిలిండర్లోని బ్యూటేన్ మండినప్పుడు ఒక అణువు నుంచి నాలుగు కార్బన్ డయాక్సైడ్‌లు, ఐదు నీటి అణువులు వస్తాయి. వాటిలో ఆక్సిజన్ ఎనిమిదీ ఐదూ పదమూడు. ఎడమపక్క ఆక్సిజన్ ఎప్పుడూ జంటలుగానే వస్తుంది, సరి సంఖ్యే అవుతుంది. పదమూడు బేసి. అంటే ఇలా ఒక్క బ్యూటేన్ అణువుతో పూర్ణాంకాల్లో కుదిరే అవకాశమే లేదు. అన్నిటినీ రెట్టించాలి:

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

సరి, బేసి చూడడం ఒక్క క్షణం పని. ఎవరైనా బ్యూటేన్ ముందు అంకె లేకుండా, మిగతావాటి ముందు పూర్ణాంకాలతో సమీకరణం చూపిస్తే లెక్కపెట్టక ముందే తప్పని చెప్పేయొచ్చు. గుణకాలన్నిటినీ ఒకే సంఖ్యతో భాగించే వీలుంటే భాగించి చిన్నవి రాయాలన్నది పరీక్షల మర్యాద. 4, 2, 4 అని రాసిన నీటి సమీకరణం అబద్ధమేమీ కాదు.

ఇంతవరకూ చెప్పుకున్నవి జాగ్రత్తగా లెక్కపెడితే దొరికిపోయే తప్పులు. లెక్కకు దొరకని తప్పులు వేరే ఉన్నాయి. మా జిల్లాలోనే తెరుబలిలో ఫెర్రోక్రోమ్ తయారుచేసే కర్మాగారం ఉంది. క్రోమైట్ ఖనిజాన్ని కోక్‌తో, అంటే బొగ్గు నుంచి చేసిన కార్బన్‌తో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే ఇనుమూ క్రోమియమూ కలిసిన లోహం వస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకు అదే ప్రాణం. ఒడిశాలో క్రోమైట్‌కు పేరున్న చోటు జాజ్‌పూర్ జిల్లాలోని సుకింద లోయ. తెరుబలి మీదుగా రైల్లో వెళ్లే పిల్లలు ఆ చర్యను రాయగలగాలని నాకు పట్టుదల. ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా రాశారు. ఎఫ్ఈ అంటే ఇనుము, సీఆర్ అంటే క్రోమియం.

ఎఫ్ఈసీఆర్₂ఓ₄ + 2సీ → ఎఫ్ఈ + 2సీఆర్ + 2సీఓ₂

ఎఫ్ఈసీఆర్₂ఓ₄ + 4సీ → ఎఫ్ఈ + 2సీఆర్ + 4సీఓ

పరమాణువులు రెండింటిలోనూ సరిపోయాయి. బరువులు వేసి చూశాం. 224 కిలోల శుద్ధ క్రోమైట్ తీసుకుంటే, మొదటిదాని ప్రకారం 24 కిలోల కార్బన్ చాలు, 160 కిలోల లోహం, 88 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అటు 248, ఇటు 248. రెండోదాని ప్రకారం 48 కిలోల కార్బన్ కావాలి, అదే 160 కిలోల లోహం, 112 కిలోల కార్బన్ మోనాక్సైడ్. అటు 272, ఇటు 272. తూకం రెండింటికీ పాస్ మార్కులు వేసింది.

కొలిమిలో నిజంగా ప్రధానంగా జరిగేది రెండోది. అంత వేడిలో, చుట్టూ ఎర్రగా కాలే కోక్ ఉన్నచోట కార్బన్ డయాక్సైడ్ పుట్టినా నిలవదు, ఇంకో కార్బన్‌ను పట్టుకుని మోనాక్సైడ్ అయిపోతుంది. మొదటి సమీకరణాన్ని నమ్మి కోక్ తూచినవాడు అవసరంలో సగమే వేస్తాడు. లెక్కలో పొరపాటు లేకపోయినా ఖనిజం పూర్తిగా లోహం కాదు. నిజమైన ఖనిజంలో ఇంకా మెగ్నీషియా, అల్యూమినా, సిలికా లాంటివి ఉంటాయి, అవి స్లాగ్ అనే కరిగిన చెత్తలోకి పోతాయి, ఈ వరుసలో వాటి ఊసే లేదు. ఏది పుడుతుందన్నది సమీకరణం మనకు చెప్పదు. మనమే చర్యను తెలుసుకుని దానికి చెప్పాలి. అది ఎంత పుడుతుందో మాత్రమే చెబుతుంది.

ఇక్కడే ఒక చిన్న మాట. మోనాక్సైడ్ గుర్తులో రెండక్షరాలూ పెద్దవిగా రాయాలి. రెండోదాన్ని చిన్నదిగా రాస్తే అది కోబాల్ట్ అనే లోహమైపోతుంది, కార్బనూ ఆక్సిజనూ రెండూ లెక్కలోంచి జారిపోతాయి. తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు కాబట్టి మన పిల్లలకు ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

ఇంటర్‌కు వెళ్లేసరికి విద్యుదావేశం వస్తుంది. వెండిని శుద్ధి చేసేవాళ్లు దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో రాగి రేకు వేలాడదీస్తారు. రాగి కరుగుతుంది, వెండి బూడిదరంగు పొడిలా దిగుతుంది, ద్రావణం నీలంగా మారుతుంది. దీన్ని ఒక పిల్లవాడు ఇలా రాశాడు (సీయూ రాగి, ఏజీ వెండి; పైన ప్లస్ ఉన్నది ఆవేశమున్న పరమాణువు, దాన్నే అయాన్ అంటాం):

సీయూ + ఏజీ⁺ → సీయూ²⁺ + ఏజీ

రాగి ఒకటి, ఇటూ ఒకటి. వెండి ఒకటి, ఇటూ ఒకటి. పరమాణువుల లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆవేశం చూడండి. ఎడమపక్క ఒక ప్లస్, కుడిపక్క రెండు ప్లస్‌లు. ఇంకో ఎలక్ట్రాన్ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. రాగి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి అయాన్ ఒక్కటే తీసుకుంటుంది. అందుకని వెండి అయాన్లు రెండు కావాలి:

సీయూ + 2ఏజీ⁺ → సీయూ²⁺ + 2ఏజీ

ఇప్పుడు అటూ రెండు ప్లస్‌లు, ఇటూ రెండు. అయాన్లతో రాసిన ప్రతి సమీకరణానికీ పరమాణువుల లెక్క ఒకటి, ఆవేశం లెక్క ఒకటి, రెండూ వేయాలి. ఈ ఆవేశాల తేడాను వదిలేసినవాడు ఎంత రాగికి ఎంత వెండి దిగుతుందో లెక్కగడితే సగమే వస్తుంది. కంసాలికి అది చిన్న నష్టం కాదు.

చివరగా, నేను డిగ్రీలో మొదటిసారి చూసి నిద్రపట్టని సమీకరణం. బావుల్లో వేసే ఊదారంగు పర్మాంగనేట్, గంధకామ్లం కలిసిన నీటిలో మన పాత చుట్టం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే రంగు పోతుంది, ఆక్సిజన్ బుడగలు వస్తాయి. పుస్తకంలో ఉండేది ఇది (కే పొటాషియం, ఎంఎన్ మాంగనీస్):

2కేఎంఎన్ఓ₄ + 3హెచ్₂ఎస్ఓ₄ + 5హెచ్₂ఓ₂ → కే₂ఎస్ఓ₄ + 2ఎంఎన్ఎస్ఓ₄ + 8హెచ్₂ఓ + 5ఓ₂

ఇప్పుడు దీన్ని చూడండి:

2కేఎంఎన్ఓ₄ + 3హెచ్₂ఎస్ఓ₄ + హెచ్₂ఓ₂ → కే₂ఎస్ఓ₄ + 2ఎంఎన్ఎస్ఓ₄ + 4హెచ్₂ఓ + 3ఓ₂

ఓపిగ్గా లెక్కపెట్టండి. రెండోదానిలో ఆక్సిజన్ అటు ఎనిమిదీ పన్నెండూ రెండూ ఇరవై రెండు, ఇటు నాలుగూ ఎనిమిదీ నాలుగూ ఆరూ ఇరవై రెండు. హైడ్రోజన్ ఎనిమిదికి ఎనిమిది. పొటాషియం, మాంగనీస్, గంధకం అన్నీ సమానం. దేన్నీ అయాన్లుగా రాయలేదు కాబట్టి ఆవేశానికి పేచీ లేదు. గుణకాలను ఇంకా చిన్నవి చేయడానికీ వీల్లేదు. పదార్థాలు అవే. ఎటు చూసినా పాసే. అయినా ఇది తప్పు.

ఎందుకు తప్పో తెలియాలంటే ఒక పరమాణువు ఎక్కడినుంచి వచ్చిందని అడగాలి. ఈ చర్యలో బుడగలుగా వచ్చే ఆక్సిజన్ అంతా పెరాక్సైడ్ నుంచే వస్తుంది. రెండో సమీకరణంలో మూడు ఆక్సిజన్ అణువులు పుట్టాయి, అంటే ఆరు పరమాణువులు. అక్కడున్న ఒక్క పెరాక్సైడ్ అణువులో ఉన్నవి రెండే. మిగతా నాలుగింటికి యజమాని లేడు. మొదటిదానిలో ఐదు అణువులు, పది పరమాణువులు, ఐదు పెరాక్సైడ్‌లలో సరిగ్గా పది. ఎలక్ట్రాన్ల వైపు నుంచి చూసినా అదే తేలుతుంది. మాంగనీస్ ఒక్కోటి ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, రెండింటికి పది. పెరాక్సైడ్ అణువు రెండు చొప్పున ఇస్తుంది. పది కావాలంటే ఐదు అణువులు ఉండాల్సిందే.

మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేస్తే దీని గుట్టు బయటపడుతుంది. మిగిలేది నాలుగు పెరాక్సైడ్‌లు విడిపోయి నాలుగు నీళ్లు, రెండు ఆక్సిజన్‌లు కావడం. పెరాక్సైడ్ తనంతట తాను విడిపోయే చర్య అది, దానికి పర్మాంగనేట్‌తో పని లేదు. ఏడు పదార్థాలు, ఐదు మూలకాలు ఉన్న ఈ లెక్కలో అది ఒక విడి చర్యగా దాక్కుని ఉంది. దాన్ని ఎంత కలిపినా, ఎంత తీసినా పరమాణువుల లెక్క చెడదు. అందుకే ఇలాంటి తుల్య సమీకరణాలు ఎన్నైనా రాయొచ్చు. బీజగణితంతో విడగొట్టినా, కంప్యూటర్‌కు ఇచ్చినా పరమాణువుల సంఖ్య ఒక్కటే చూస్తే వీటిలో ఏది నిజమో తేలదు.

ఇది పండితుల ముచ్చట అనుకోకండి. సీసాలో పెరాక్సైడ్ ఎంత గాఢతతో ఉందో పరీక్షించడానికి ప్రయోగశాలల్లో వాడే పద్ధతుల్లో ఈ పర్మాంగనేట్ చర్య ఒకటి. ఎంత పర్మాంగనేట్ రంగు పోయిందో కొలిచి, సమీకరణంలోని గుణకాలతో పెరాక్సైడ్ ఎంతో లెక్కగడతారు. రెండు పర్మాంగనేట్‌లకు ఐదు పెరాక్సైడ్‌లు అన్నచోట ఒకటి అని పట్టుకుంటే జవాబు అయిదో వంతుకు పడిపోతుంది. మెడికల్ షాపులో ఆరు శాతం అని అమ్మే సీసాను పరీక్షించి, అందులో 1.2 శాతమే ఉందని రాసిస్తాం.